మండువా వెలుతురులో 19వ శతాబ్దపు పోర్ట్రెయిట్: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపూ పాత పెంకుటిళ్ల గోడలకి వేలాడుతున్న ఫొటోలు చూసి "ఇలా ఎందుకుంది?" అని అడిగేవారు కొందరు. "అలాంటిదే ఇప్పుడు తీయాలంటే ఎలా?" అని అడిగేవారు ఇంకొందరు. మళ్లీ మళ్లీ అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## పాత ఫొటోని చూసేటప్పుడు

పాత ఫొటోల్లో ఒక్కళ్లూ నవ్వరేం? చాలాసేపు కదలకుండా కూర్చోవాల్సి రావడం వల్లేనా?

అది సగం కారణం. 1839లో డాగెరోటైప్ (వెండి పూత పూసిన రాగి పలక మీద నేరుగా బొమ్మ పడే పద్ధతి) వచ్చిన కొత్తలో ఎండలో కూడా నిమిషాలు పట్టేది. 1840లో వెలుతురు ఎక్కువ రానిచ్చే పెట్జ్‌వాల్ లెన్సు వచ్చింది. పలకకి అయోడిన్‌తో పాటు బ్రోమిన్ పట్టించడమూ మొదలైంది. దాంతో సమయం నిమిషం లోపుకి దిగింది. 1851 నాటి తడి కొలోడియన్ పలకకి (గాజు మీద మందు పోసి ఆరకముందే వాడేది) స్టూడియోలో 2 నుంచి 20 సెకన్లు సరిపోయేది. 1880 నాటి జెలటిన్ పొడి పలకకి (మందు ముందే పూసి ఆరబెట్టినది) ఒక సెకను, ఒక్కోసారి అంతకన్నా తక్కువే చాలు. సెకను సేపు ఎవరైనా నవ్వగలరు, అయినా నవ్వు వెంటనే రాలేదు. రంగుల చిత్రపటంలో పెద్దమనిషి ఎలా కూర్చునేవాడో ఫొటోలోనూ అలాగే కూర్చోవాలన్నది అప్పటి మర్యాద. గంభీరంగా ఉన్నంత మాత్రాన మనిషి కోపిష్టి అనుకోకూడదు.

మా ముత్తాతగారు ఫొటోలో బాగా నల్లగా ఉన్నారు. చామనఛాయ అని చెబుతారు. ఏది నిజం?

ఇంట్లో చెప్పుకునే మాటనే నమ్మండి. ఆ కాలపు పలకలకి నీలం, ఊదా వెలుతురు మాత్రమే బాగా తెలిసేది. ఎరుపు, పసుపు దాదాపు కనిపించేవి కావు. మన ఒంటి రంగులో ఉండేవి ఎరుపూ పసుపే కాబట్టి చామనఛాయ కూడా నలుపుగా పడేది. ఎండకి కమిలిన చోట్లు, మచ్చలు ఇంకా ముదురుగా వచ్చేవి. మొహానికి పసుపు రాసుకున్న ఆడవాళ్ల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. కుంకుమ బొట్టు నల్లచుక్క అయిపోతుంది. 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ పలకలో రంగు కలిపి ఆకుపచ్చ, పసుపు కూడా పట్టుకునే దారి చూపాడు. అలాంటి పలకలు మామూలు స్టూడియోల దాకా రావడానికి ఏళ్లు పట్టింది. ఆ నలుపు పలక గుణం, మనిషి రంగు కాదు.

నిలబడ్డ మనిషి పాదాల వెనక ఇనప స్టాండు కాళ్లు కనిపిస్తున్నాయి. చనిపోయినవాళ్లని అలా నిలబెట్టి తీసేవారట, నిజమేనా?

కాదు. అది బతికున్నవాళ్లు కదలకుండా ఉండడానికి వాడిన తల స్టాండు. పైన రెండు చిన్న కొమ్ములుంటాయి, అవి చెవుల వెనక తలకి ఆనుతాయి. బరువు మోసే బలం దానికి ఉండదు. మనిషి తన కాళ్ల మీద తనే నిలబడితే తల ఊగకుండా చూస్తుందంతే. శవాన్ని నిలబెట్టడం దానివల్ల అయ్యే పని కాదు. చనిపోయినవారి ఫొటోలు తీసిన మాట నిజమే, కానీ సాధారణంగా పడుకోబెట్టో, కుర్చీలో ఆనించో తీసేవారు.

జంధ్యం కుడి భుజం మీద నుంచి ఉంది. అపసవ్యంగా ఎందుకు వేసుకున్నారు?

ముందు ఫొటో దేని మీద ఉందో చూడండి. రాగి పలక, గాజు, ఇనప రేకు మీద నేరుగా పడ్డ బొమ్మ అయితే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి. పైట, చొక్కా గుండీలు కూడా తిరగబడి ఉంటే అనుమానమే అక్కర్లేదు. నెగటివ్ నుంచి కాగితం మీద వేసినదైతే మామూలుగా సవ్యంగానే ఉంటుంది.

అట్ట మీద అంటించిన ఫొటో ఎప్పటిదో కొలతని బట్టి చెప్పొచ్చా?

కొంతవరకు చెప్పొచ్చు. సుమారు 64 × 100 మిల్లీమీటర్ల అట్ట అయితే కార్ట్ ద విజిట్, అంటే విజిటింగ్ కార్డంత ఫొటో. 1854లో ప్యారిస్‌లో డిస్‌డేరి అనే ఫొటోగ్రాఫర్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. సుమారు 108 × 165 అయితే క్యాబినెట్ కార్డు, ఇది 1860ల రెండో సగంలో మొదలైంది. అట్ట పలచగా, మూలలు కోసుగా ఉంటే ముందుకాలానిది. మందంగా, మూలలు గుండ్రంగా ఉంటే 1870 తర్వాతది కావచ్చు. కూర్పు కూడా సాయపడుతుంది. స్తంభం, తెర పక్కన చిన్నగా నిలువెత్తు మనిషి ఉంటే 1860ల పద్ధతి. తలా భుజాలూ మాత్రమే ఉండి చుట్టూ తెల్లగా కరిగిపోతుంటే తర్వాతి పద్ధతి.

## చోటు ఎంచుకునేటప్పుడు

మండువాలో తీస్తే పాతకాలపు స్టూడియో వెలుతురు వస్తుందా?

వస్తుంది, అంత దగ్గరి పోలిక మరోచోట దొరకదు. అప్పటి స్టూడియో అంటే ఒక పక్క గోడకీ, పైకప్పు వాలుకీ గాజు బిగించిన గది. మండువా నడిమి ఆకాశం సరిగ్గా ఆ పనే చేస్తుంది. అయితే మనిషిని ఆ ఆకాశం కింద నడిమధ్యన కూర్చోబెడితే పాడవుతుంది. నెత్తి మీంచి పడే వెలుతురుకి కళ్లు గుంటలవుతాయి, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది, బట్టతల మెరుస్తుంది.

కుర్చీని చూరు కిందకి, మండువా అంచు నుంచి ఒకటి, ఒకటిన్నర మీటరు లోపలికి జరపండి. మనిషి మొహం దగ్గర మీ కన్ను పెట్టి చూరు అంచుని చూడండి. అది నేలకి సుమారు 45 డిగ్రీల ఎత్తులో కనిపిస్తే చోటు కుదిరినట్టే. ఇంకా పైకి చూడాల్సి వస్తే కుర్చీ వెనక్కి జరగాలి. వెనక్కి పోయేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, మెత్తబడుతుంది. రెండు మీటర్లు దాటితే మొహం చదునుగా, ప్రాణం లేనట్టు వస్తుంది.

మండువాలో ఎండ నేరుగా పడుతుంటే ఆ గచ్చు కింద నుంచి వెలుతురు కొడుతుంది, గడ్డం కింద తెల్లబడుతుంది. నల్ల గొంగళి గానీ ముదురు దుప్పటి గానీ ఆ ఎండ మీద పరచండి. ఈ ఒక్క పనితో ఫొటో సగం బాగుపడుతుంది, చాలామంది చేయరు.

ఉత్తరం వెలుతురే మంచిదని పుస్తకాల్లో ఉంటుంది. మన గోదావరి జిల్లాల్లోనూ అంతేనా?

ఆ మాట యూరప్‌కి రాసింది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు. మన డెల్టా 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు. అందుకే ఆ మూడు నెలలూ ఉత్తరపు వసారాలోకి పొద్దున్నే, సాయంత్రం ఏటవాలు ఎండ దూరుతుంది. తొమ్మిది దాటాక సూర్యుడు పైకెక్కుతాడు, చూరు నీడ కాపాడుతుంది. మూడున్నర తర్వాత మళ్లీ చూసుకోవాలి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరపు వసారాలో రోజంతా ఒకే తీరు వెలుతురు ఉంటుంది. ఈ పనికి అవే మంచి నెలలు. వానాకాలంలో మబ్బు సన్నగా ఉన్న రోజు దక్షిణపు వసారా కూడా పనికొస్తుంది. ముసురు పట్టిన రోజు వెలుతురు ఎటు నుంచీ ప్రత్యేకంగా రాదు, మొహంలో ఎత్తుపల్లాలు తెలియవు.

మాది అపార్ట్‌మెంటు. ఒక్క కిటికీయే ఉంది.

చాలు. కిటికీ కింది సగాన్ని కూర్చున్న మనిషి గడ్డం ఎత్తు దాకా అట్టతో గానీ ముదురు దుప్పటితో గానీ మూసేయండి. పై సగంలోంచి వచ్చే వెలుతురే కావాలి. గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. మనిషి కిటికీకి మీటరు దూరంలో, అద్దానికి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చోవాలి. బాల్కనీయో డాబాయో ఉంటే అక్కడే కుర్చీ, తెర పెట్టి గదిలాగా కట్టుకోవచ్చు. 1843 నుంచి ఎడిన్‌బరోలో హిల్, ఆడమ్సన్ అనే ఫొటోగ్రాఫర్ల జంట చేసింది అదే. ఆరుబయట తీసి, సామాను అమర్చి, గదిలో కూర్చున్నట్టు చూపించారు.

కొబ్బరితోటలోనో, కాలువ గట్టునో తీస్తే?

అందంగా ఉంటుంది గానీ ఈ పద్ధతికి కుదరదు. ఆకుల మధ్య నుంచి పడే ఎండ మొహం మీద మచ్చలు మచ్చలుగా ఉంటుంది. చుట్టూ ఉన్న పచ్చదనం మొహం మీదకి పచ్చటి వెలుతురు కొడుతుంది. కాలువ నీళ్ల మెరుపు కింద నుంచి కదులుతూ పడుతుంది. తోటలోనే తీయాలంటే తాటాకు పందిరి కింద, మూడు వైపులా కట్టి ఒకవైపే తెరిచి తీయండి.

వెనక తెరగా ఏం వాడాలి? ఎంత దూరంలో?

నల్ల గొంగళి, లేదా మెరుపు లేని బూడిదరంగు దుప్పటి. మనిషికి మీటరున్నర వెనక ఉంటే మడతలు మసకబారతాయి. తెరని కెమెరాకి సూటిగా కట్టకుండా ఒక చివర కాస్త ముందుకి తిప్పండి. మొహంలో వెలుతురున్న వైపు వెనక తెర చీకటిగా, మొహంలో నీడున్న వైపు తెర కాస్త తేటగా ఉండాలి. అప్పుడు మనిషి తెర నుంచి విడివడి ముందుకొచ్చినట్టుంటాడు. సున్నం వేసిన తెల్లగోడ ముందు పెడితే చూపు మొహం వదిలి గోడ మీదకి పోతుంది.

## కూర్చోబెట్టేటప్పుడు

రెంబ్రాంట్ వెలుతురు అంటే ఏమిటి? ఎలా వస్తుంది?

నీడ ఉన్న చెంప మీద, కంటి కింద చిన్న వెలుతురు ముక్కోణం పడితే దాన్ని అలా అంటారు. 1870 ప్రాంతంలో న్యూయార్క్‌లో విలియం కర్ట్స్ అనే ఫొటోగ్రాఫర్ ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. మనిషిని వెలుతురు వైపుకి ముప్పావు వంతు తిప్పి కూర్చోబెట్టండి. ఇప్పుడు మొహాన్ని మెల్లమెల్లగా కెమెరా వైపు తిప్పమనండి. ముక్కు నీడ చెంప నీడతో కలిసే క్షణంలో "అక్కడే ఉండండి" అనండి. నీడ పై పెదవిని తాకిందంటే వెలుతురు మరీ పై నుంచి వస్తున్నట్టు, కుర్చీ వెనక్కి జరపండి. ముక్కోణం రావడం లేదంటే మనిషి పూర్తిగా పక్కకి తిరిగిపోయినట్టు.

రెండు కళ్లలోనూ ఒక్కొక్క తెల్లటి మెరుపు ఉండాలి, గడియారంలో పది గానీ రెండు గానీ చూపే చోట. మన కళ్లు ముదురు గోధుమరంగువి. ఆ మెరుపు లేకపోతే పాత పద్ధతిలో అవి బొగ్గు ముక్కల్లా పడతాయి.

నీడ వైపు ఎంత చీకటిగా ఉంచాలి?

కంటికి బాగుందనిపించిన దానికన్నా కాస్త తేటగా. పాత పలకల్లా నీలాన్నే చూసే పద్ధతిలో (ఎలాగో చివర్లో చెప్పాం) నీడ ఇంకా ముదిరిపోతుంది. ఉతికిన తెల్ల దుప్పటి ఒకరు పట్టుకుని నీడ వైపు మీటరు దూరంలో నిలబడాలి. నీడలో చెవి వంపు కనిపించేదాకా దగ్గరికి రావాలి, ఆపైన ఆగాలి. కొలిచి చూసుకునే అలవాటుంటే రెండు చెంపల మధ్య తేడా ఒకటిన్నర స్టాపు ఉంచండి (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు తేడా).

తెల్ల పంచె, కండువా వేసుకుంటే అదే మెరిసిపోతోంది. మొహం కనపడడం లేదు.

అప్పటి ఫొటోగ్రాఫర్లకీ ఇదే తలనొప్పి. తెల్లబట్టలు, లేత నీలం బట్టలు వేసుకు రావద్దని ముందే చెప్పేవారు. మనవాళ్లకి పంచె తప్పదు కాబట్టి మూడు పనులు చేయండి. ఒళ్లు వెలుతురుకి కాస్త ఎడంగా తిప్పి, మొహం మాత్రం వెలుతురు వైపు తిప్పించండి. ఛాతీ కింద పడే వెలుతురుకి ఫ్రేములో కనబడకుండా అట్ట అడ్డం పెట్టండి. నీలిమందు పెట్టి ఉతికిన పంచె బదులు ముడిరంగు నేత పంచె కట్టించండి, నీలిమందు తెలుపు ఈ పద్ధతిలో మరీ మండిపోతుంది.

పట్టుచీర ఏ రంగుదైతే బాగా వస్తుంది?

పాత పలకల్లా నీలాన్నే చూసే ఈ పద్ధతిలో కంటికి కనిపించే తేటదనాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఎరుపు, మెరూన్, పసుపు, ఆకుపచ్చ చీరలు ముదురుగా పడతాయి. నీలం, ఊదా చీరలు తెల్లబోతాయి. ఎర్ర చీరకి పసుప్పచ్చ అంచుంటే రెండూ ఒకేలా నల్లబడి అంచు మాయమవుతుంది. నీలం చీరకి ఎర్ర అంచు ఉంటే చక్కగా విడివిడిగా తెలుస్తుంది. బంగారు నగలు ముదురుగా పడతాయి, మెరుపు తగిలిన చోట మాత్రం తెల్లగా వెలుగుతాయి. ముత్యాలు, వెండి బాగా వస్తాయి.

చేతులు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. మొహం కన్నా పెద్దగా కనిపిస్తున్నాయి.

కెమెరాకి దగ్గరగా ఉన్నది పెద్దగా పడుతుంది. మోకాళ్ల మీద చేతులు చాచి కూర్చుంటే అవే ముందుకొస్తాయి. చేతుల్ని ఒంటికి దగ్గరగా, మొహం ఉన్న దూరంలోనే ఉంచండి. అరచేతి వెనక భాగం కాకుండా చిటికెన వేలి అంచు కెమెరాకి కనబడాలి. ఒకటి కుర్చీ చేతి మీద, ఒకటి ఒళ్లో. రెండూ ఒకే ఎత్తులో ఉండకూడదు. చేతుల మీద మొహం కన్నా తక్కువ వెలుతురు పడేలా చూడండి.

ఆ బల్ల, పుస్తకం, కుర్చీ దర్జా కోసమేనా?

దర్జా కూడా ఉంది. అసలు పని ఆనుకోవడానికి. బల్ల మీద మోచెయ్యి ఆనితే భుజం నిలుస్తుంది, భుజం నిలిస్తే తల నిలుస్తుంది. నిలబడ్డ మనిషి కుర్చీ వీపు మీద చెయ్యి వేసేదీ అందుకే. పడక కుర్చీ మాత్రం వద్దు. మనిషి వెనక్కి వాలితే మొహం చిన్నదై మోకాళ్లు పెద్దవవుతాయి. నిటారు వీపున్న చెక్క కుర్చీ తెచ్చుకోండి.

కెమెరా ఎంత దూరం, ఎంత ఎత్తు?

నడుము దాకా తీసేటప్పుడు రెండున్నర నుంచి మూడు మీటర్లు, కళ్ల ఎత్తుకి కాస్త కింద. నిలువెత్తు అయితే నాలుగైదు మీటర్లు, నడుముకి కాస్త పైన. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెరిగి చెవులు వెనక్కి పోతాయి. దూరం జరిగి, రెండు మూడు రెట్లు దగ్గరగా చూపే లెన్సు వాడండి.

ఇంటిల్లిపాదినీ కలిపి తీయాలంటే ఎలా నిలబెట్టాలి?

తలలు ఒకే గీత మీద ఉండకూడదు. తాతగారు, మామ్మగారు కుర్చీల్లో, కొడుకులు కోడళ్లు వెనక, పిల్లలు చాప మీద. మొత్తం కలిసి ముక్కోణంలా కనబడాలి. చివర ఉన్నవాళ్లు కొంచెం ముందుకి రావాలి, వరస అర్ధచంద్రంలా వంగాలి. అప్పుడు అందరూ కెమెరాకి దాదాపు ఒకే దూరంలో ఉంటారు. వెలుతురుకి దగ్గరగా తెల్లబట్టల వాళ్లని పెట్టకండి. ముదురు రంగుల వాళ్లని అటు పెట్టి, పంచెలు కట్టినవాళ్లని నీడ వైపు ఉంచితే మొత్తం సమానంగా వస్తుంది.

చంటిపిల్లలు కదలకుండా ఉండరు కదా, అప్పట్లో ఎలా తీసేవారు?

తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల్లిని తెరతోనో దుప్పటితోనో కప్పేసేవారు. ఇప్పుడు దాచాల్సిన పని లేదు, తల్లితోనే తీయండి. పాలు తాగి నిద్రకి తూగుతున్న వేళ మంచిది.

## తీసేటప్పుడు

ఎన్ని సెకన్లు పెట్టాలి?

రెండు సెకన్లు. అంతసేపు చూస్తూ కూర్చున్నప్పుడు మొహంలో వచ్చే నిలకడ అర సెకనులో రాదు. వసారా లోపల వెలుతురు మామూలుగా ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టుకునే చురుకు) 100, ఎఫ్ (లెన్సు తెరుపు; అంకె పెరిగితే తెరుపు తగ్గుతుంది) 8 దగ్గర సుమారు 1/8 సెకను చూపిస్తుంది. లెన్సు ముందు వెలుతురుని 16 రెట్లు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు (ముదురు అద్దం) పెడితే రెండు సెకన్లవుతుంది. ట్రైపాడ్ తప్పనిసరి. కుర్చీ వీపుకి తలగడ కట్టి తల వెనక ఆనించండి. కెమెరా పక్కన ఒక వస్తువు చూపించి దాన్నే చూడమనండి. ఊపిరి వదిలి ఆగమనండి, బిగబట్టమంటే భుజాలు లేస్తాయి. రెప్పలు ఒకసారి కొట్టినా ఫరవాలేదు. చూపు మారితే మాత్రం కళ్లు పాడవుతాయి.

మొహం స్పష్టంగా, అంచులు తిరుగుతున్నట్టు మసకగా ఉండడం ఎలా వస్తుంది?

అది పెట్జ్‌వాల్ లెన్సు లక్షణం. ఎఫ్ 3.6 తెరుపుతో అంతకుముందు లెన్సుల కన్నా పదిహేను రెట్లకి పైగా వెలుతురు లోపలికి రానిచ్చేది. దానికి బదులుగా నడిమి భాగమే నిక్కచ్చిగా ఉండి అంచులు జారిపోయేవి. ఇప్పటి లెన్సుతో తీస్తే ఎఫ్ 2.8, ఎఫ్ 4 మధ్య ఉంచి, కెమెరాకి దగ్గరి కంటి మీద ఫోకస్ పెట్టండి. ఫోన్‌లో వెనకంతా మసక చేసే మోడ్ వాడితే జుట్టు, జడ అంచులు కత్తిరించినట్టు వస్తాయి.

అసలైన తడి కొలోడియన్ ఇంట్లో చేయొచ్చా?

ఇంట్లో వద్దు. కొలోడియన్‌లో ఉండే ఈథర్ సుమారు 35 డిగ్రీలకే మరుగుతుంది. మన వేసవిలో రాజమహేంద్రవరం అంతకన్నా వేడిగా ఉంటుంది, ఆ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. పలకకి పట్టించే సిల్వర్ నైట్రేట్ కంట్లో పడితే చూపు పోవచ్చు. కొందరు ఫిక్సరుగా (బొమ్మని చెరగకుండా నిలిపే మందుగా) వాడే సయనైడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా పోసిన పలక ఆరకముందే, సుమారు పది నిమిషాల్లో, తీసి కడగాలి. ఎండాకాలంలో ఆ పది కూడా దొరకవు.

కాగితం నెగటివ్ మనకి నప్పుతుంది. 1858లో మదురై, తంజావూరు గుళ్లని తీసిన ఫొటోగ్రాఫర్ లినియస్ ట్రైప్ కూడా కాగితం నెగటివ్‌లే వాడాడు. ఇప్పటి నలుపు తెలుపు ఫొటో పేపర్‌ని ఎర్రదీపం కింద పెద్ద కెమెరాలో పెట్టండి. దాన్ని ఐఎస్ఓ 6 అనుకుని మొదలుపెడితే వసారాలో ఎఫ్ 5.6 దగ్గర ఒక సెకను. డెవలపర్ (బొమ్మ తేల్చే మందు) 20 డిగ్రీలుండాలి. కుళాయి నీళ్లు 30 దాటి ఉంటే కాగితం క్షణాల్లో నల్లబడిపోతుంది. ట్రే కింద ఐసు నీళ్ల పళ్లెం పెట్టుకోండి, ఐసు డెవలపర్‌లో వేయకండి.

## తీశాక

రంగుల్లో తీసిన ఫొటోని ఆ కాలపు నలుపు తెలుపులోకి ఎలా మార్చాలి?

మామూలు నలుపు తెలుపు బటన్ నొక్కితే రాదు. ఫొటోలు దిద్దే యాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ ఛానెళ్లు (ఫొటోలోని రంగు పొరలు) పూర్తిగా తీసేసి నీలం ఛానెల్ ఒక్కటే ఉంచండి. మొహం ఒక స్టాపు దాకా ముదురుతుంది కాబట్టి తీసేటప్పుడే ఒక స్టాపు ఎక్కువ వెలుతురు ఇవ్వండి, పంచె మాత్రం కాలిపోకుండా చూసుకోండి. నీలం ఛానెల్‌లో గరుకు ఎక్కువ, అందుకే ఐఎస్ఓ తక్కువ ఉండాలి. ఫోన్‌లో మొహం నునుపు చేసే సదుపాయం ముందే ఆపేయండి. ఆ తర్వాత మామ్మగారి మొహం మరీ నల్లగా అనిపిస్తే పదిహేను, ఇరవై శాతం ఆకుపచ్చ కలపండి. ఆ తరం వాళ్ల మొహం పలక చెడగొట్టింది, ఇప్పుడు మనమూ చెడగొట్టక్కర్లేదు.

సెపియా ఎంత వేయాలి?

చాలామంది వేసేదానిలో మూడో వంతు. అప్పటి ఆల్బుమిన్ ప్రింటుకి (గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసేది) బంగారపు లవణాలతో రంగు తేల్చేవారు, కొత్తగా ఉన్నప్పుడు అది ఊదా కలిసిన గోధుమరంగులో ఉండేది. ఇప్పుడు కనిపించే పసుపు ఆ తెల్లసొన పాతబడ్డాక వచ్చింది. నీడల్లో కొంచెం ఊదా గోధుమ, తెలుపుల్లో మీగడ రంగు వేస్తే చాలు. మెరుపు తక్కువ ఉన్న పలచటి కాగితం మీద 54 × 89 మిల్లీమీటర్ల కొలతలో ప్రింటు వేయించి, మైదా జిగురుతో అట్ట మీద అంటించి, ఆరేదాకా రెండు పలకల మధ్య బరువు కింద పెట్టండి. వానాకాలంలో అయితే రెండు రోజులు ఆగాలి, లేకపోతే అట్ట వంకర తిరుగుతుంది.